తీర్పరి కన్ను – యంత్రం కన్ను

పాఠ్యభాగ ఉద్దేశం: క్రీడారంగంలో తీర్పు చెప్పే బాధ్యత క్రమంగా మనిషి నుండి యంత్రానికి సంక్రమిస్తున్న తీరును తెలుసుకొని, న్యాయానికి మూలం సాధనంలో ఉన్నదా, మనిషి శీలంలో ఉన్నదా అని విద్యార్థులను ఆలోచింపజేయడం.

తూచే చేయి సరిగా ఉన్నదా, తూనికరాయి సరిగా ఉన్నదా అన్న సందేహం మానవునికి అతి పురాతనమైనది. చిత్తూరు ప్రాంతపు పల్లెల్లో పాడి అనేక కుటుంబాలకు జీవనాధారం. పాలకేంద్రంలో రైతుకు దక్కే ధర పాలలోని వెన్నశాతాన్ని అనుసరించి ఉంటుంది. ఒకప్పుడు ఆ శాతాన్ని పరీక్షించి చెప్పిన వ్యక్తి మాటే చివరి మాట. నేడు అనేక చోట్ల యంత్రం అంకెను చూపుతుంది. రైతు దానిని స్వయంగా చూడగలడు. తిరుమల శ్రీవారి ఆర్జిత సేవా టికెట్లలో కొన్నింటిని ఎలక్ట్రానిక్ డిప్ పద్ధతిలో కేటాయిస్తున్నారు. టికెట్ లభించని భక్తుడు నిరాశ చెందవచ్చును గాని, ఎంపికలో మనిషి ఇష్టాయిష్టాలకు తావు లేదన్న ఊరట అతనికి ఉంటుంది. ఇట్టి ఊరటకోసమే క్రీడాలోకం కూడా యంత్రాన్ని ఆశ్రయించింది.

క్రికెట్‌లో తొలి సందేహం తీర్పరి దృష్టిని గురించినది కాదు, నిష్పాక్షికతను గురించినది. ఆతిథ్య దేశపు అంపైర్లు స్వదేశానికి అనుకూలంగా ఉంటారన్న అపవాదు తరచు వినవచ్చేది. 1986లో లాహోర్‌లో పాకిస్తాన్, వెస్టిండీస్ జట్లు తలపడిన టెస్టు పోటీకి హైదరాబాద్‌కు చెందిన వి.కె. రామస్వామి, ముంబయికి చెందిన పిలూ రిపోర్టర్ తటస్థ అంపైర్లుగా నిలిచారు. ఈ విధంగా పక్షపాత శంకకు పరిష్కారం దొరికింది. కాని పక్షపాతం లేని కన్ను కూడా పొరబడుతుంది. ఆ లోపాన్ని సవరించడానికి 1992 నవంబరులో డర్బన్‌లో భారత, దక్షిణాఫ్రికా జట్ల టెస్టులో టెలివిజన్ దృశ్యాన్ని పరిశీలించే మూడవ అంపైర్‌ను నియమించారు. ఆ పద్ధతిలో రనౌట్ అయిన మొదటి ఆటగాడు సచిన్ టెండూల్కర్.

2008 జనవరిలో సిడ్నీలో జరిగిన టెస్టు ఈ చర్చను తీవ్రతరం చేసింది. ఆస్ట్రేలియా ఆటగాడు ఆండ్రూ సైమండ్స్ 30 పరుగుల వద్ద ఉండగా బంతి అతని బ్యాటు అంచును తాకి వికెట్ కీపర్ చేతికి చిక్కింది. అంపైర్ ఔట్ ఇవ్వలేదు. సైమండ్స్ 162 పరుగులతో అజేయంగా నిలిచాడు. తాను ఔటేనని తరువాత అతడే అంగీకరించాడు. ఆ టెస్టులో భారత్ 122 పరుగుల తేడాతో ఓడిపోయింది. అదే సంవత్సరం శ్రీలంకలో భారత జట్టు ఆడిన టెస్టులలో, అంపైర్ నిర్ణయాన్ని సమీక్షించమని ఆటగాళ్లు కోరే పద్ధతిని ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టారు. విచిత్రమేమంటే, సిడ్నీలో నష్టపోయిన భారతదేశమే ఆ పద్ధతిని చాలాకాలం వ్యతిరేకించింది. బంతి గమనాన్ని యంత్రం వేసే అంచనా ఎంతవరకు నమ్మదగినదన్నది మనవారి సందేహం. చివరకు 2016లో ఇంగ్లండ్ జట్టు పర్యటనలో భారత్ దానిని స్వదేశంలో అంగీకరించింది. ఆ నవంబరులో తన తొలి టెస్టుకు వేదికైన విశాఖపట్నం మైదానంలో తెలుగువారు ఈ పద్ధతిని ప్రత్యక్షంగా తిలకించారు.

బేస్‌బాల్‌లో సమస్య మరింత సూక్ష్మమైనది. బంతి విసిరేవాడిని పిచర్ అంటారు. బ్యాటర్ ముందున్న 17 అంగుళాల వెడల్పుగల పలక మీదుగా, అతని మోకాళ్లకూ ఛాతీకీ నడుమ ఒక అదృశ్యమైన గవాక్షం ఉన్నట్లు భావిస్తారు. బ్యాటర్ కొట్టక విడిచిన బంతి ఆ గవాక్షం గుండా పోతే స్ట్రైక్, లేకుంటే బాల్. మూడు స్ట్రైకులకు బ్యాటర్ వెనుదిరగాలి. నాలుగు బాల్‌లకు అతనికి మొదటి బేస్ దక్కుతుంది. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి అర సెకనులోపే పలకను దాటుతుంది. లేని గీతను ఊహించి, ఆగని బంతిని దానితో పోల్చి అంపైర్ తక్షణమే తీర్పు చెప్పాలి.

దీనికి రెండు దేశాలు రెండు మార్గాలను ఎంచుకున్నాయి. దక్షిణ కొరియా ప్రధాన లీగ్ 2024 నుండి ఈ నిర్ణయాన్ని పూర్తిగా యంత్రానికే అప్పగించింది. చెవిలో వినిపించిన ఫలితాన్ని అంపైర్ ప్రకటిస్తాడు. అమెరికా మేజర్ లీగ్ 2026 సీజన్‌కు మధ్యేమార్గాన్ని ఆమోదించింది. మొదటి తీర్పు అంపైర్‌దే. ఆక్షేపణ ఉన్న బ్యాటర్ గాని, పిచర్ గాని, బంతి పట్టే క్యాచర్ గాని తన టోపీని తట్టి యంత్ర పరిశీలన కోరవచ్చును. జట్టుకు ఇట్టి అవకాశాలు రెండు. ఆక్షేపణ నిజమైతే అవకాశం తరగదు.

క్రికెట్ నియమంలోనూ ఇట్టి వివేకమే కనిపిస్తుంది. ఎల్‌బీడబ్ల్యూ సమీక్షలో బంతి వికెట్‌కు స్వల్పంగానే తగులుతుందని యంత్రం చూపితే అంపైర్ తొలి తీర్పే నిలుస్తుంది. యంత్రానిది కూడా అంచనాయే గనుక, సందేహం మిగిలిన చోట మనిషి మాటకే విలువ ఇచ్చారు.

అయితే మనిషికి మిగిలే బాధ్యత ఏమిటి? 2010 జూన్ 2న డెట్రాయిట్‌లో అర్మాండో గలరాగా అనే పిచర్ వరుసగా 26 మందిని ఔట్ చేశాడు. ఇరవై ఏడవవాడు కూడా ఔటైతే ఆ ఆటలో అత్యంత అరుదైన ఘనత దక్కేది. అంపైర్ జిమ్ జాయిస్ అతనిని నాటౌట్‌గా ప్రకటించాడు. అట్టి నిర్ణయాలను టెలివిజన్ దృశ్యంతో సవరించే నియమం అప్పటికి లేదు. ఆట ముగిసిన పిదప దృశ్యాన్ని చూచిన జాయిస్ తన తప్పును బహిరంగంగా ఒప్పుకొని క్షమాపణ కోరాడు. మరునాడు గలరాగా ఆటగాళ్ల జాబితాను స్వయంగా తెచ్చి జాయిస్‌కు అందించాడు. జాయిస్ కన్నీరు ఆపుకోలేకపోయాడు. యంత్రం ఉంటే ఆ తప్పు జరిగేది కాదు, పిచర్‌కు అన్యాయం తప్పేది. ఇది నిజం. కాని తప్పు ఒప్పుకోవడమూ, మన్నించడమూ యంత్రం చేయగల పనులు కావు.

విక్రమార్కుని సింహాసనం కథ తెలుగువారికి సుపరిచితం. సింహాసనం పాతుకుపోయిన చోట వేసిన మంచెనెక్కినంతసేపూ రైతు ఉదారుడు. దిగిన మరుక్షణం లోభి. ఆ గుణం స్థలానిదే గాని మనిషిది కాదు. పెద్ద మైదానాలలో అమర్చిన కెమెరాలు ఆ మంచె వంటివి. తిరుపతిలోనో, మదనపల్లెలోనో కళాశాల మైదానంలో ఆడుకునే విద్యార్థులకు ఆ కెమెరాలుండవు. బ్యాటు అంచుకు బంతి తగిలిన సంగతి ముందుగా తెలిసేది ఆ ఆటగాడికే. మంచె దిగిన తరువాత కూడా న్యాయంగా నిలవగలవాడే నిజమైన క్రీడాకారుడు.

ప్రశ్నలు

1. తటస్థ అంపైర్ల నియామకం ఏ సమస్యను పరిష్కరించింది? ఏ సమస్యను పరిష్కరించలేకపోయింది?
2. కొరియా, అమెరికా పద్ధతులలోని భేదాన్ని వివరించండి. మీరు దేనిని సమర్థిస్తారు? ఎందుకు?
3. విక్రమార్కుని సింహాసనం కథను ఈ పాఠంలో ప్రస్తావించడంలోని ఔచిత్యాన్ని చర్చించండి.