బోరు మోటారుకు మూడు ఫేజులూ వచ్చాయా? కంప్యూటరుకు తెలిపే విధానం

మన ట్రస్టు స్కాలర్‌షిప్ పొందుతున్న డిప్లొమా, ఇంజనీరింగ్ విద్యార్థుల్లో పలువురు పావగడ, చింతామణి, మదనపల్లె వైపు వ్యవసాయ కుటుంబాల వారు. మోటారుకు మూడు ఫేజులూ ఉన్నాయో లేదో కంప్యూటరుతో కనిపెట్టడాన్ని ప్రాజెక్టుగా తీసుకోదలచిన వారికి ఈ వ్యాసం. రెండు ఫేజుల మీదే మోటారు నడిస్తే వైండింగ్ కాలిపోతుంది. వందల అడుగుల లోతు నుంచి పంపును పైకి లాగి రీవైండింగ్‌కు ఇవ్వాలంటే రైతుకు ఆ పంట మీద మిగిలేదేమీ ఉండదు.

రాస్ప్‌బెర్రీ పై బోర్డు ఇన్‌పుట్ పిన్ను 3.3 వోల్టులకు మించి తట్టుకోలేదు. ఆర్డ్వినో యూనో అయితే 5 వోల్టులు. మనం చూడవలసినది 230 వోల్టులు. ఈ రెంటి నడుమ ఉండవలసినదే ఆప్టోకప్లర్. నేను బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా చేసినవాణ్ణి కనుక నాకు తోచిన పోలిక చెబుతాను. క్యాష్ కౌంటరు అద్దం సందులోంచి చీటీ లోపలికి వెళ్తుంది, చెయ్యి వెళ్లదు. ఆప్టోకప్లర్‌లో కూడా ఒకవైపు చిన్న ఎల్ఈడీ, మరోవైపు వెలుగు పడితే పనిచేసే ట్రాన్సిస్టరు ఉంటాయి. వెలుగు దాటుతుంది, కరెంటు దాటదు. ఎస్.పి. రోడ్డు దుకాణాల్లో అడిగితే ఇచ్చే పీసీ 817 కు నాలుగే కాళ్లు. రెండు వైపుల మధ్య 5000 వోల్టుల వరకు తట్టుకొనేలా దాన్ని తయారుచేస్తారు. అయితే రెండు వైపుల గ్రౌండ్లనూ ఒకే తీగతో కలిపితే ఆ అద్దాన్ని మనమే పగలగొట్టినట్టు.

మొదట 24 వోల్టుల డీసీ అడాప్టరుతో అభ్యాసం చేయండి. ఎల్ఈడీ మీద సుమారు 1.2 వోల్టులు పడతాయి. మిగిలిన 22.8 వోల్టులను 4.7 కిలో ఓముల రెసిస్టరు భరిస్తే కరెంటు 4.85 మిల్లీ ఆంపియర్లు, వేడి 0.11 వాట్లు. పావు వాటు రెసిస్టరు సరిపోతుంది. ఎల్ఈడీ తిరగబడిన వోల్టేజిని 6 వోల్టులకు మించి ఓర్చుకోదు కనుక దానికి అడ్డంగా, ఎదురు దిశలో 1ఎన్ 4148 డయోడ్ ఒకటి పెట్టాలి. కంప్యూటరు వైపు ట్రాన్సిస్టరు కలెక్టరును 47 కిలో ఓములతో 3.3 వోల్టులకు, ఎమిటరును గ్రౌండుకు కలపండి. ఇక్కడ లెక్క తలకిందులు: వోల్టేజి ఉంటే పిన్నులో 0, లేకుంటే 1. తీగ తెగినా 1 వస్తుంది కాబట్టి "కరెంటు లేదు", "తీగ లేదు" అనే రెండూ ఒకేలా కనబడతాయి.

230 వోల్టుల మీద పని లెక్చరరు పక్కన ఉన్నప్పుడే చేయాలి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య, ఎల్ఈడీకి వరుసగా, 100 కిలో ఓముల రెసిస్టర్లు రెండు ఉండాలి. ఏసీ శిఖరం 325 వోల్టులు. దాన్ని ఒక్క చిన్న రెసిస్టరు మీద మోపకూడదు.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఇన్‌పుట్ వోల్టేజి ఎంత అన్నది చెప్పదు, ఉందా లేదా అన్నదే చెబుతుంది. 180 అయినా 230 అయినా దానికి ఒకటే. కానీ ఎప్పుడు వచ్చిందో మాత్రం కచ్చితంగా చెబుతుంది. మన 50 హెర్ట్జ్ సరఫరాలో ప్రతి 20 మిల్లీ సెకన్లకు ఒక పల్సు వస్తుంది. కనుక ఒక క్షణం పిన్ను చూసి కరెంటు పోయిందని ప్రోగ్రాము తేల్చరాదు. కనీసం 40 మిల్లీ సెకన్లు ఆగాలి. మూడు ఫేజులూ సరిగా ఉంటే వాటి పల్సులు 6.67 మిల్లీ సెకన్ల ఎడంతో ఆర్, వై, బి వరుసలో వస్తాయి. రెండు తీగలకు ఒకే ఫేజు వస్తే రెండు పల్సులూ ఒకేసారి కనబడతాయి. వరుస తారుమారైతే మోటారు వెనక్కి తిరిగి నీళ్లు తగ్గుతాయి. ఇవన్నీ మల్టీమీటరు లేకుండా, గడియారం లెక్కతోనే పట్టుకోవచ్చు. నాకు ఈ సర్క్యూటులో బాగా నచ్చే భాగం ఇదే.

అయితే ఇదంతా మోటారు స్టార్టు కాకముందు. నడుస్తుండగా ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఒక ఫ్యూజు పోయిందనుకోండి. తిరుగుతున్న మోటారే ఆ పోయిన ఫేజు తీగ మీదికి దాదాపు పూర్తి వోల్టేజిని వెనక్కి పంపుతుంది, అదీ ఇంచుమించు సరైన సమయానికే. మూడు పిన్నులూ అన్నీ బాగున్నాయనే చెబుతాయి, లోపల వైండింగ్ కాలుతుంటుంది. పక్క పొలం మోటారు అదే లైను మీద నడుస్తున్నా ఇలాంటి మోసం జరగవచ్చు. అందుకే నడిచే మోటారుకు కాపలాగా ఒక్కో ఫేజు తీగకు కరెంటు ట్రాన్స్‌ఫార్మరు తొడిగి, మూడు తీగల ఆంపియర్లనూ పోల్చి చూడాలి. ఆప్టోకప్లర్ ఇన్‌పుట్లను స్టార్టు చేసేముందు తనిఖీకి ఉంచండి. ప్రాజెక్టు రిపోర్టులో ఈ రెండు పనులనూ వేరు వేరు పటాలుగా గీయండి.