ఇంఫాల్ దారిలో మనవాళ్లు

యుద్ధానికి వెళ్లొచ్చిన అధికారి తన జ్ఞాపకాలు రాస్తే, అందులో ‘నేను’ ఎక్కువగా ఉందా, ‘మావాళ్లు’ ఎక్కువగా ఉన్నారా అని చూడాలి. పుస్తకం సగం అక్కడే అర్థమవుతుంది.

ఇలాంటి పుస్తకాల్లో బాగా పేరున్నది అమెరికాది. 1898లో క్యూబాలో స్పెయిన్‌తో జరిగిన యుద్ధంలో థియోడోర్ రూజ్‌వెల్ట్ ఒక స్వచ్ఛంద అశ్వికదళాన్ని నడిపారు. పశువుల కాపరులు, పెద్ద కళాశాలల విద్యార్థులు, అమెరికా మూలవాసులు అందులో చేరారు. తమాషా ఏమిటంటే, ఓడల్లో చోటు చాలక గుర్రాల్లో చాలావాటిని ఫ్లోరిడాలోనే వదిలేశారు. రౌతులు నేల మీద నిలబడే పోరాడారు! మరుసటి ఏడే ఆయన ‘ది రఫ్ రైడర్స్’ ప్రచురించారు. క్యూబాలో ఈయనొక్కడే యుద్ధం చేసినట్టుందని ఒక హాస్య రచయిత అప్పుడే ఎగతాళి చేశాడు.

అటువంటి కలగలుపు దళం గురించి మన హైదరాబాదు వాసి ఆబిద్ హసన్ గారు కూడా రాశారు. 1911లో పుట్టిన ఆయన చదువు మధ్యలో ఆపి సబర్మతి ఆశ్రమంలో చేరారు. తర్వాత ఇంజనీరింగు చదవడానికి జర్మనీ వెళ్లి, అక్కడ సుభాష్ చంద్రబోసు గారిని కలిశారు. 1938లో మన సూరత్ జిల్లా హరిపురాలో కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించింది ఈ బోసు గారే. హసన్ గారు ఆయనకు కార్యదర్శి అయ్యారు. 1943 ఫిబ్రవరి 9న జర్మన్ జలాంతర్గామిలో ఆయన వెంట ఆసియాకు బయలుదేరిన భారతీయుడు హసన్ గారొక్కరే. ఏప్రిల్ 28న మడగాస్కర్ దగ్గర సముద్రంలో, రబ్బరు పడవ మీద జపాన్ జలాంతర్గామిలోకి మారారు.

అంతకుముందు జర్మనీలో, యుద్ధఖైదీలైన భారతీయ సైనికులతో ఒక దళం కట్టారు. బ్రిటిష్ సైన్యంలో చాలాచోట్ల సిక్కుల కంపెనీ వేరు, రాజపుత్రుల కంపెనీ వేరు. ఇక్కడ అందరినీ కలిపేశారు. కలిపాక వచ్చిన చిక్కుల్లో పలకరింపు ఒకటి. మేముంటున్న వరాఛాలో అయితే కాఠియావాడీ తాతగారు ‘జై స్వామినారాయణ్’ అంటారు, ఉత్తరాది దుకాణదారు ‘రామ్ రామ్’ అంటాడు, మా అమ్మలు ‘నమస్కారమండీ’ అంటారు. వీధిలో అది అందమే. సైన్యంలో అందరిదీ అయిన మాట ఒకటి కావాలి. ‘జై హిందుస్తాన్ కీ’ అనుకుని, దాన్ని పొట్టిచేసి ‘జై హింద్’ అన్నది హసన్ గారేనని చెబుతారు.

1944లో ఆజాద్ హింద్ ఫౌజ్ ఇంఫాల్ వైపు నడిచింది. మేజర్ హసన్ గారూ ఆ పోరులో ఉన్నారు. దాడి ఫలించలేదు. జోరు వానల్లో, తిండిలేక, మలేరియాతో, విరేచనాలతో బర్మా అడవుల గుండా వెనక్కి నడిచారు. తూటాల కన్నా ఆకలీ జబ్బులే ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నాయి.

ఆ మనుషుల గురించి హసన్ గారు రాసిందే ‘ది మెన్ ఫ్రమ్ ఇంఫాల్’. పేరులోనే తాను పక్కకు తప్పుకున్నారు. బలూచీలు, అస్సామీలు, కాశ్మీరీలు, మలయాళీలు, పఠాన్లు, సిక్కులు, గుజరాతీలు కలిసి ఉన్నారని చెబుతారు. మాకు ముఖ్యమనిపించింది మరొకటి. పెద్ద దళంలోనే కాదు, పదిమంది ఉండే చిన్న సెక్షన్లో కూడా వాళ్లు కలిసే ఉన్నారట. వేలమందిని ఒక జెండా కింద నిలబెట్టడం కొంత తేలిక. ఒకే గిన్నెలో వండుకు తినే పదిమందిని కలపడం కష్టం. బదిలీల మీద వచ్చిన మనందరి పేర్లూ హాజరుపట్టీలో కలిసే ఉంటాయి. టిఫిన్ డబ్బాలు తెరిచే వేళ మీ తరగతిలో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో ఒకసారి చూడండి.

రూజ్‌వెల్ట్ రాసింది గెలిచిన కథ, ‘నేను’కు అందులో చోటెక్కువ. ఓడి వెనుదిరిగిన వాళ్ల కథ రాయడానికి ఇంకో రకం ధైర్యం కావాలని మా అభిప్రాయం.

స్వాతంత్ర్యం తర్వాత హసన్ గారు మన విదేశాంగ శాఖలో చేరి రాయబారిగా పనిచేశారు. కాషాయ వర్ణాన్ని సూచించే ‘సఫ్రానీ’ అనే మాటను తన పేరుకు చేర్చుకున్నారు. 1984లో కన్నుమూశారు. ఆయన సోదరుడి కుమార్తె సురయ్యా హసన్ బోస్ గారు హైదరాబాదులో పాత నేత పనులకు మళ్లీ ప్రాణం పోశారు. పిల్లల కోసం ఒక బడి కూడా పెట్టారు. దాని పేరు సఫ్రానీ మెమోరియల్.