చూసి వేసే అడుగు: మొదటి శీలంపై ఒక పాఠం



“ఇటు అడుగు పెట్టొద్దు” అనే మాట వింటే మనకు ఒళ్లు మండుతుంది. మండాల్సిందే. ఆ వీధిలోకి రావొద్దు, ఆ చెరువు ముట్టొద్దు అని మన తాతముత్తాతలను ఆపిన మాట అదే. మహద్‌లోని చవదార్ చెరువులో పశువులు నీళ్లు తాగొచ్చు, మనం మాత్రం తాగకూడదు. అందుకే 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగారు.

మరి అడుగుకు హద్దు పెట్టే ప్రతి నియమమూ అన్యాయమేనా? ఒక ఉదాహరణ చూద్దాం.

ఉత్తర జర్మనీలో హాంబర్గ్ నగరానికి దక్షిణాన ల్యూనెబుర్గ్ హీత్ ఉంది. హీత్ అంటే ఇసుక నేల మీద పొట్టి పొదలు పెరిగే బయలు. 1921 నుంచి అది రక్షిత ప్రాంతం. ఆగస్టు చివర్లో హెదర్ పొదలు పూసి బయలంతా ఊదారంగు తిరుగుతుంది. నడుమనున్న విల్సెడె ఊరికి సందర్శకులు కార్లలో పోలేరు. నడిచో, సైకిల్ మీదో, గుర్రబ్బండిలోనో వెళ్లాలి.

అక్కడ నడిచేవాళ్లందరికీ ఒకటే నియమం: దారి విడవొద్దు, కుక్కను తాడుతో పట్టుకోండి. ఎందుకు? భరతపక్షుల వంటివి అక్కడ నేలమీదే గూడు కడతాయి. మనం ఒక్క అడుగు పక్కకు వేస్తే గుడ్లు చితికిపోవచ్చు.

బుద్ధుని కాలంలోనూ ఇలాంటిదే జరిగింది. భిక్షువులు వానాకాలంలో తిరుగుతూ పచ్చికను, చిన్న ప్రాణులను తొక్కుతున్నారని జనం తప్పుపట్టారు. భగవానుడు ఆ మాట విన్నాడు. వానాకాలంలో మూడు నెలలు ఒకేచోట ఉండాలని నియమం పెట్టాడు. అదే వర్షావాసం.

కాబట్టి ఏ నియమం ఎదురైనా రెండు ప్రశ్నలు అడగండి. ఇది ఎవరిని కాపాడుతోంది? అందరికీ ఒకటేనా? చవదార్ నిషేధం ఏ ప్రాణినీ కాపాడలేదు, అందరికీ ఒకటి కాదు. దాన్ని దాటడమే ధర్మం. హీత్ నియమం బలహీనమైన ప్రాణిని కాపాడుతోంది, అందరికీ సమానం. దాన్ని పాటించడమే ధర్మం.

ఇంకొకటి గమనించండి. ఆ బయలు తనంతట తాను నిలవలేదు. వందల ఏళ్ల కిందట మనుషులు అడవి కొట్టి, గొర్రెలు మేపితే ఏర్పడింది. ఈనాటికీ గొర్రెల మందలు మేస్తేనే నిలుస్తుంది. మేత ఆగితే బర్చ్, పైన్ మొక్కలు కమ్మేస్తాయి. శీలమూ అంతే. దీక్ష రోజు పలికి వదిలేస్తే పాత కులబుద్ధి, పాత మొక్కులు మళ్లీ మొలుస్తాయి. రోజూ చూసుకోవాలి.

ఈ వారం సాధన: పొద్దున్నే పొలం గట్టు మీదో, చెరువు కట్ట మీదో పది నిమిషాలు మాట్లాడకుండా నడవండి. పాదం మోపే ముందు అక్కడేముందో చూడండి. చీమల బారు కనిపిస్తే దాటి అడుగేయండి. పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. మన దారిని అడ్డుకున్నవాళ్లను మనం మరువం. మన కాలికింది ప్రాణినీ మరువొద్దు.

భవతు సబ్బ మంగళం.