జున్ను, రికోటా



మన హాస్టల్లో చదువుకునే రోజుల్లో నా ఇంగ్లీషు నోట్సులో 'చీజ్ అంటే జున్ను' అని రాసుకున్నాను. ఎం.ఎస్సీ.లో పాల ప్రొటీన్ల పాఠం విన్నాక గానీ అది సరికాదని తెలియలేదు.

మామూలు పాలలోని ప్రొటీన్లో దాదాపు 80 శాతం కేసీన్. చీజ్ చేసేవాళ్లు రెన్నెట్ కలిపి ఈ కేసీన్‌ను గడ్డ కట్టిస్తారు. ఇటలీలో గొర్రెపాలతో చేసే పెకొరీనో అలాంటిదే. (మన చిప్పగిరి వైపు ఇన్ని మందలున్నా మనకా అలవాటు లేదు.) గడ్డ తీశాక మిగిలిన తేటను వాళ్లు పారబోయరు, మళ్లీ కాస్తారు. అందులోని మిగతా ప్రొటీన్లు వేడికి గుడ్డు తెల్లసొన మాదిరి గట్టిపడి పైకి తేలుతాయి. అదే రికోటా. ఆ మాటకు అర్థమే 'మళ్లీ కాచినది'. రోమ్ చుట్టుపక్కల గొర్రెపాల తేటతో, నేపుల్స్ వైపు ఎనుముపాల తేటతో చేస్తారు. సిసిలీలో ఉప్పు పట్టించి ఆరబెడతారు. పూలియాలో పులియబెట్టి ఘాటెక్కిస్తారు.

మన జున్నుకు చుట్టం ఈ రికోటాయే. జున్నులో రెన్నెట్ లేదు, నిమ్మరసం లేదు. బెల్లం, యాలకులు వేసి ఆవిరి మీద పెడితే చాలు. కారణం, ఈనిన మొదటి పూట పాలలో వేడికి గట్టిపడే ప్రొటీన్లు విపరీతంగా ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం రోగాలను ఎదిరించే యాంటీబాడీలు. తల్లి కడుపులో ఉండగా దూడకు అవి అందవు. పుట్టాక పాలతోనే అందాలి, అదీ మొదటి 24 గంటల్లోనే. ఆ తర్వాత దూడ పేగులు వాటిని పీల్చుకోలేవు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా ఎనుము ఈనింది. అప్పు చేసి కొన్న ఎనుము. మొదటి పూట పాలు అప్పిచ్చినవాళ్ల ఇంటికి పోయినాయి. రెండో పూట పాలతో జున్ను వండితే, సెలవుకు వచ్చిన నేనే ఎక్కువ తిన్నాను. దూడ పారుకొని ఐదో రోజు చచ్చిపోయింది. దిష్టి తగిలిందని అవ్వ ఏడ్చింది. దూడ లేక ఎనుము చేపలేదు, అప్పు మాత్రం మిగిలింది. పాలు అందకనే చచ్చిందని ఇప్పుడు నేను రుజువు చేయలేను. కానీ ఆ పాఠం విన్న రోజు క్లాసులో నాకు ఇంకేమీ వినపడలేదు.

30 కిలోల దూడకు మొదటి కొన్ని గంటల్లోనే సుమారు మూడు లీటర్లు తాపాలి. మిగిలితేనే జున్ను. పోయినేడు మా ఎనుము ఈనితే, గిన్నెలు పట్టుకొని వచ్చినవాళ్లను మూడో రోజు రమ్మన్నది మా అమ్మ. జున్ను కాస్త జారుగా వచ్చింది.