అక్షరముల పేళ్లును అక్షరముల ధ్వనులును

అమీరుపేటలో విద్య నేర్పెదమను ప్రకటనలకు కొదువ లేదు. కంప్యూటరు విద్యలు మొదలు ఆంగ్లసంభాషణము వఱకు సమస్తమును నేర్పెదమని చెప్పు బోర్డులు మేడలనిండ వ్రేలాడుచుండును. వాని చెంతనే నివసించు తల్లులలో పెక్కురు "నాకు ఇంగ్లీషు రాదు, బిడ్డకు నేనేమి చెప్పగలను?" అని చిన్నబుచ్చుకొని, పసివారిని సైతము ట్యూషనునకు పంపుచున్నారు. ఈ వ్యాసము ముఖ్యముగ వారి కొఱకు వ్రాయబడినది. తెలుగు చదువనేర్చిన తల్లి, ఆంగ్ల వర్ణమాల మాత్ర మెఱిగియుండినచో, బిడ్డకు పఠనము నారంభింపజేయగలదని చూపుటయే నా యుద్దేశము.

ఇటీవల నొక చిన్నవానిని చదివించి చూచితిని. "సీ, ఏ, టీ, క్యాట్" అని వాడు తడబడక యేకరువు పెట్టెను. పిమ్మట టీ, ఏ, పీ అను మూడక్షరములు వ్రాసి చదువుమంటిని. "టీ, ఏ, పీ" అని పలికి యూరకుండెను. ఇంట దినమునకు పదిమాఱులు తాను పలుకు "ట్యాపు" అను మాటయే యదియని వాడు గుర్తింపలేకపోయెను. వానికి బుద్ధి కొఱవడలేదు. వానికి అక్షరముల పేళ్లు తెలియును గాని ధ్వనులు తెలియవు. వాడు క్యాట్ అను మాటను చదువలేదు, వల్లించెను.

తెలుగున ఈ చిక్కు లేదు. "క" అను అక్షరమునకు పేరును "క"యే, ధ్వనియు "క"యే. ఆంగ్లమున నట్లు కాదు. అక్షరములు 26, ధ్వనులు రమారమి 44. మన పేటల పేళ్లనే చూడుడు. మెట్రో స్టేషను బోర్డుపై పంజగుట్ట అను పేరును ఆంగ్లమున వ్రాయునప్పుడు "యూ" అను అక్షరము రెండుమాఱులు వచ్చును. మొదటిచోట దాని ధ్వని అకారము, రెండవచోట ఉకారము. అమీరుపేటలో "ఈ" అను అక్షరము జంటగ నున్నప్పుడు "ఈ" యనియు, ఒంటిగ నున్నప్పుడు "ఏ" యనియు పలుకును. కావున పేళ్లను మాత్రమే నేర్పి బిడ్డను విడిచిపెట్టుట, తాళపుచెవి చూపి తలుపు తీయుట చూపకపోవుట వంటిది.

అక్షరముల ధ్వనులను ముందుగ నేర్పి, వానిని కలిపి పదములు చదివించుటనే ఫోనిక్సు అందురు. ఇంట దీనిని నేర్పు క్రమము వినుడు.

మొదట చెవికి పని చెప్పవలెను. "పలక" అను మాటను ప, ల, క అని విడదీసి చప్పట్లు కొట్టింపుడు. తరువాత తెలుగున ప, ల, క, త, వ అను అయిదక్షరములు మాత్రము నేర్పుడు. వీనితోనే తల, వల, కల, పలక, కలప అను మాటలను బిడ్డ స్వయముగ చదువును. వర్ణమాల యంతయు ముగియువఱకు పదములకై వేచియుండ నక్కఱలేదు.

పిమ్మట ఆంగ్లము. ఇచ్చట మన పొల్లు మిక్కిలి యుపకరించును. "ప" అను అక్షరమున అకారము దాగియున్నది. "ప, ఇ, న" అని కలిపిన "పిన్" అను మాట రాదు. "ప్, ఇ, న్" అని పొల్లుగ పలికిన వచ్చును. ప్ కు ఇ చేర్చిన "పి" యగుట మన గుణింతమే గదా! గుణింతమెఱిగిన తల్లికి ధ్వనులు కలుపుట క్రొత్తవిద్య కాదు. ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ అను ఆఱక్షరములతో ఆరంభింపుడు. వాని ధ్వనులు స్, "యాపిల్" మొదట వినవచ్చు ధ్వని, ట్, ప్, ఇ, న్. వీనితో పిన్, టిన్, ట్యాప్, ప్యాన్ మున్నగు మాటలేర్పడును. అట్టముక్కలపై అక్షరములు వ్రాసి, ఒక్కొక్కదానిని మార్చుచు చదివింపుడు. దినమునకు పదునైదు నిమిషములు చాలును. బిడ్డ విసుగకమునుపే ఆపవలెను. తప్పినయెడల కసరక, ధ్వనులను మెల్లగ మరల వినిపింపవలెను.

ఎఫ్, జెడ్ అను అక్షరముల ధ్వనులు తెలుగున సహజములు కావు. కాని భాగ్యనగరమున ఉర్దూ పలుకువారి నోట సాఫ్, బజార్ అను మాటలలో వానిని ప్రతిదినము వినవచ్చును. ద, వజ్, సెడ్ వంటి కొన్ని ఆంగ్లపదములు నియమమునకు పూర్తిగ లొంగవు. వానిని కొలదికొలదిగ చూపి జ్ఞాపకముంచజేయవలెను.

ఇది కేవలము నా యభిప్రాయము కాదు. 2000వ సంవత్సరమున అమెరికాలో పఠనబోధనను విచారించిన జాతీయ పండితమండలి, ధ్వనులను క్రమపద్ధతిని నేర్పుట పిల్లలకు మేలుచేయునని నివేదించెను. ఇంగ్లండు పాఠశాలలలో 2012 నుండి చిన్నపిల్లలచే 40 పదములు చదివించు పరీక్ష యొకటి జరుగుచున్నది. అందు సగము అర్థములేని కల్పితపదములు. వల్లించినవాడు వానిని చదువలేడు, ధ్వనులెఱిగినవాడు చదువగలడు. మన దేశమున 2020 నాటి జాతీయ విద్యావిధానము, వీలైనచోట కనీసము అయిదవ తరగతి వఱకు ఇంటిభాషలో బోధింపవలెనని చెప్పినది.

పైన చెప్పిన చిన్నవానికి "ట్" అని, పిమ్మట నడిమి ధ్వనిని, "ప్" అని మెల్లగ పలికి వినిపించితిని. వాడు మూడింటిని రెండుసారులు తనలో తాను గొణిగికొని, "ట్యాపు!" అని కేకవైచి, వంటయింటివైపు వ్రేలు చూపెను. ప్రక్కనున్న తల్లి "ఇది నేనును చెప్పగలనండీ" అనెను. అవునమ్మా, చెప్పగలవు. అట్టముక్కలు కత్తిరించి నేటి సాయంకాలమే మొదలుపెట్టుము.