కదలెడు పంటిలోని జీవము

ఎత్తుపళ్లను, వంకరపళ్లను సరిచేయుటకై తీగె కట్టించుట నేడు మన యిండ్లలో వింత కాదు. దీనినే అందరును క్లిప్పులు వేయించుట యందురు. బిడ్డను దంతవైద్యునియొద్దకు గొనిపోవు తల్లిదండ్రులు ఎంత వ్యయమగుననియు, ఎన్ని నెలలు పట్టుననియు, పలువరుస చక్కబడునాయనియు అడుగుదురు. ఈ ప్రశ్నలు సమంజసములే. కాని పంటిని దాని చోటినుండి కదల్చునపుడు లోపలనున్న జీవమున కేమగునని అడుగువారు అరుదు. సరిచేసిన పన్ను చిరకాలము ఆరోగ్యముగా నుండవలెనన్న ఈ సంగతిని మనము కొంత తెలిసికొనియుండుట మేలు.

పన్ను రాయివలె గట్టిదైనను రాయి కాదు. పైకి కనబడు తెల్లని పింగాణిపొర మన శరీరమునం దెల్ల మిక్కిలి కఠినమైన పదార్థము. దాని క్రింద డెంటిన్ అను పొరయు, నడుమ నొక చిన్న గదియు గలవు. ఆ గదిలో మెత్తని గుజ్జు ఉన్నది. వైద్యులు దీనిని పల్ప్ అందురు. సన్నని రక్తనాళములు, నరములు, డెంటిన్‌ను నిర్మించు కణములు ఇందే యున్నవి. రక్తనాళములును నరములును ముఖ్యముగా వేరు కొనయందలి సూక్ష్మరంధ్రము గుండా లోనికి వచ్చును. చేయి వాచినచో చర్మము సాగి చోటిచ్చును. పంటిలోని గుజ్జు వాచినచో చుట్టునున్న గోడలు సాగవు. సాగని గోడలు, ఇరుకైన వాకిలి, ఇవియే గుజ్జునకు గల యిబ్బందులు.

ఇక పన్ను కదలుట యెట్లు? పంటివేరు దవడ యెముకకు నేరుగా అతుకుకొని యుండదు. ఆ రెంటి నడుమ సుమారు మిల్లీమీటరులో ఐదవవంతు మందము గల నారపొర యొకటి యున్నది. తీగె పంటిని ఒక వైపునకు నెట్టగా ఆ వైపు నారపొర నొక్కుకొనును, రెండవ వైపు సాగును. నొక్కుకొనిన వైపున ఎముకను కరగించు కణములును, సాగిన వైపున క్రొత్త యెముకను కట్టు కణములును పనికి పూనుకొనును. 1904లో స్వీడను దేశీయుడగు సాండ్‌స్టెడ్ కుక్కల పళ్లను కదల్చి, ఈ మార్పులను సూక్ష్మదర్శినితో పరిశీలించి ప్రకటించెను. ఒక ప్రక్క కూల్చి మరియొక ప్రక్క కట్టు పని గనుక ఇది నెమ్మదిగా జరుగును. నెలకు సుమారు 1 మిల్లీమీటరు కదలుట సామాన్యము.

పన్ను కదలునపుడు దాని ప్రభావము గుజ్జుపైనను పడును. తొలి దినములలో గుజ్జునందలి రక్తప్రసారము మారును. స్వల్పమైన వాపు కలుగవచ్చును. నరముల స్పందనము మందగించును. బలము మితముగా నున్నచో, ఆరోగ్యముగల పంటిలో ఈ మార్పులు సామాన్యముగా కొన్ని వారములలో సర్దుకొనును. ఈ కాలమున విద్యుత్తుతో పరీక్షించినచో, జీవముగల పన్నుకూడ బదులు పలుకకపోవచ్చును. కనుక ఆ యొక్క పరీక్షనుబట్టి పన్ను చచ్చినదని నిశ్చయింపరాదు. పన్ను చిగురునుండి పైకి వచ్చిన పిమ్మట దాని వేరు పూర్తియగుటకు 2, 3 సంవత్సరములు పట్టును. అంతవరకు వేరు కొన వెడల్పుగా నుండి రక్తము ధారాళముగా లోనికి వచ్చును. అందుచేత లేతవేరు గల పంటిలోని గుజ్జు, కొన మూసికొనిన ముదురు పంటి గుజ్జుకంటె ఈ ఒత్తిడిని బాగుగా ఓర్చుకొనగలదు.

ఎంత బలము మితము? 1932లో ఆస్ట్రియా దేశపు వైద్యుడగు ష్వార్జ్ దీనికొక కొలత చెప్పెను. వేరుపై ఒక చదరపు సెంటీమీటరునకు 20 నుండి 26 గ్రాముల ఒత్తిడి చాలుననియు, అది సూక్ష్మరక్తనాళములలోని రక్తపు ఒత్తిడిని మించరాదనియు ఆయన అభిప్రాయము. ఒక్కొక్క పంటికి తగిన బలము నేడు వేరువేరుగ నిర్ణయింపబడుచున్నను, మృదువైన బలమే మేలను మూలసూత్రము మాత్రము నిలిచియున్నది. అందుచేత పెండ్లి వచ్చుచున్నదనియో, సెలవులు ముగియుచున్నవనియో తీగెను ఇంకను బిగింపుమని వైద్యుని తొందరపెట్టరాదు. ముందరి పళ్ల సందు మూసికొనుటకై ఇంటిలో మామూలు రబ్బరు చుట్టు తగిలించుట మరియు ప్రమాదకరము. వేరు కొనవైపునకు సన్నగిల్లుచు పోవును గనుక ఆ చుట్టు చిగురు లోపలికి జారి, కంటికి కనబడకయే ఎముకను పాడుచేయును. ఆ విధమున మంచి పన్నే ఊడిపోవచ్చును.

తల్లిదండ్రులు మరువరాని సంగతి ఇంకొకటి గలదు. ఆటలో పడియో, బంతి తగిలియో పూర్వము గట్టి దెబ్బ తిన్న పంటిలోని గుజ్జు తీగె ఒత్తిడికి చచ్చుట కెక్కువ అవకాశము గలదు. పైకి ఆ పన్ను చక్కగానే కనబడవచ్చును. బిడ్డ ఆరేడు సంవత్సరముల క్రిందట పడిన పాటు తల్లికి గాక ఎవరికి జ్ఞాపకముండును? వైద్యుడు అడుగకపోయినను చెప్పవలయును. దెబ్బ స్వభావమునుబట్టి ఆయన ఎక్స్‌రే తీయించి, కొన్ని నెలలు, ఒక్కొకప్పుడు సంవత్సరము వరకును ఆగి చికిత్స నారంభించును. గుజ్జు చచ్చినను పన్ను పోయినట్లు కాదు. రూట్ కెనాల్ చికిత్స చేసిన పంటినికూడ కదల్పవచ్చును; ఏలయన కదలికకు ఆధారము వేరు చుట్టునున్న నారపొరయే గాని గుజ్జు కాదు.

నొప్పిని గుర్తించుట యందును మనకు శ్రద్ధ కావలయును. తీగె బిగించిన కొన్ని గంటలకు మొదలై, మరునాడు హెచ్చి, సుమారు వారములో తగ్గు నొప్పి సహజము. అది నమిలినపుడు తెలియును. చల్లనీరు తగిలి క్షణము జివ్వుమని తగ్గుటయు సామాన్యముగా భయపడదగినది కాదు. కాని ఊరకే సలుపుచున్నను, రాత్రి పోటుతో నిదురపట్టకున్నను, వేడి తగిలిన పిమ్మట నొప్పి చాలసేపు నిలిచినను గుజ్జు ఆపదలో నున్నదని శంకింపవలయును. పన్ను బూడిదవన్నెకు తిరిగినను, చిగురుపై చీముపొక్కు లేచినను, నొప్పి లేకున్నను జాగుచేయరాదు. చచ్చిన గుజ్జు నొప్పి పెట్టకపోవచ్చును.

నమిలిన నొప్పి, జివ్వు, సలుపు, పోటు: ఈ మాటలలో ప్రతిదానికిని వేరు అర్థమున్నది. మన బిడ్డ ఇంటిలో తెలుగున చెప్పుకొను ఈ భేదము, కన్నడమునో, తమిళమునో, ఒడియానో, మరాఠీనో మాటలాడు వైద్యునియెదుట ‘నొప్పి’ యను ఒక్కమాటగా మారిపోవచ్చును. కావున ముందు బిడ్డను తెలుగుననే పూర్తిగా చెప్పనిచ్చి, ఎప్పుడు వచ్చినది, ఎంతసేపు నిలిచినది, దేనివలన హెచ్చినది యను మూడు సంగతులను మనము వైద్యునికి అందజేయవలయును.

ఈ చికిత్సలో తీగె వైద్యునిది, ఓర్పు బిడ్డది. పూర్వపు దెబ్బలను జ్ఞప్తికి దెచ్చుట, తొందరపెట్టకుండుట, నొప్పి మాటలను శ్రద్ధతో వినుట, ఈ మూడును మన వంతు.