గడ్డి కోసే యంత్రం – అరిగిన స్ప్రింగు చెప్పే పాఠం



ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చదివిన వారిలో హుక్ సూత్రం తెలియని వారుండరు. ప్రయోగశాలలో స్ప్రింగుకు బరువులు తగిలిస్తాం, సాగుదల కొలుస్తాం, గ్రాఫు గీస్తాం, మార్కులు తెచ్చుకుంటాం. పరీక్ష అయిపోగానే దాన్ని మరిచిపోతాం. కానీ మన అమ్మానాన్నలు పనిచేసే పొలాల్లో ఆ సూత్రం ప్రతిరోజూ పనిచేస్తూనే ఉంది. సెలవుల్లో మనలో చాలామంది ట్రాక్టర్ల దగ్గర, వెల్డింగ్ షెడ్లలో హెల్పర్లుగా వెళుతుంటాం. అక్కడ రోజూ చేతికి తగిలే వస్తువు స్ప్రింగు. అరిగిన స్ప్రింగును ఎలా గుర్తించాలి, ఎలా బాగుచేయాలి, ఏమి చేయకూడదు అనే విషయాలను ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

యంత్రంలో స్ప్రింగు పని ఏమిటి?

మన ఊళ్లలో పశువుల మేతను ఎక్కువగా కొడవలితోనే కోస్తాం. చలికాలంలో మంచు కురిసే దేశాల్లో పశువులకు నెలల తరబడి పచ్చిక దొరకదు. కాబట్టి అక్కడి రైతులు వేసవిలోనే గడ్డిని కోసి, ఎండబెట్టి, నిల్వ చేసుకుంటారు. అందుకు ట్రాక్టరుకు తగిలించే కోత యంత్రాలు వాడతారు. మన దగ్గర కూడా పెద్ద పశుగ్రాస క్షేత్రాల్లో ఇలాంటివి ఉంటాయి.

ఈ యంత్రంలో బ్లేడ్లు ఉండే కోత పట్టీ చాలా బరువైనది. ఆ బరువంతా నేలమీద పడితే అది మట్టిని గీకుతుంది, గడ్డిలో మన్ను కలుస్తుంది, పట్టీ కింది ఇనుప పాదాలు త్వరగా అరిగిపోతాయి. అందుకని బలమైన స్ప్రింగులు పట్టీని పైకి లాగి పట్టుకుని, బరువులో ఎక్కువ భాగాన్ని మోస్తాయి. అప్పుడు పట్టీ నేల ఎత్తుపల్లాలను అనుసరిస్తూ తేలికగా జారుతుంది.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ స్ప్రింగుల కల్టివేటరు. దున్నేటప్పుడు రాయి తగిలితే దాని కర్రు వెనక్కి వంగి, రాయి దాటగానే మళ్లీ తన చోటికి వస్తుంది. విరిగిపోకుండా దాన్ని కాపాడేది స్ప్రింగే.

స్ప్రింగు ఎందుకు పాడవుతుంది?

దీనికి ముఖ్యంగా మూడు కారణాలున్నాయి.

1. శాశ్వతంగా సాగిపోవడం: స్థితిస్థాపక అవధి దాటి లాగితే స్ప్రింగు పూర్వస్థితికి రాదు. లాగుడు స్ప్రింగుల్లో సాధారణంగా చుట్టలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. బరువేమీ లేకున్నా చుట్టల మధ్య సందులు కనిపిస్తే అది సాగిపోయిందని అర్థం.

2. తుప్పు: తుప్పు తీగను పైనుంచి తినేస్తుంది. దీని ప్రభావం మనం అనుకున్నదానికంటే చాలా ఎక్కువ. స్ప్రింగు స్థిరాంకం తీగ వ్యాసపు నాలుగో ఘాతానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 10 మి.మీ. తీగ అరిగి 9 మి.మీ. అయిందనుకుందాం. తగ్గింది పదో వంతే. కానీ 0.9ని నాలుగుసార్లు గుణిస్తే సుమారు 0.66 వస్తుంది. అంటే స్ప్రింగు బిగువులో మూడో వంతు పోయినట్లే!

3. లోహపు అలసట: ఒక్కసారి లాగితే ఏమీ కాని స్ప్రింగు, లక్షలసార్లు సాగి ముడుచుకుంటే విరగవచ్చు. తుప్పు గుంట దగ్గరో, కొక్కెం వంపు దగ్గరో సన్నని పగులు మొదలై మెల్లగా లోపలికి పాకుతుంది. అలా విరిగిన ముక్కను గమనించండి. పగులు పాకిన భాగం నునుపుగా, చివరకు ఒక్కసారిగా తెగిన భాగం గరుకుగా ఉంటుంది.

ఎలా పరీక్షించాలి?

యంత్రానికి జంటగా స్ప్రింగులుంటే, రెండింటినీ విప్పి పక్కపక్కన పెట్టి పొడవులు పోల్చాలి. తీగ మందాన్ని వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవాలి. కొక్కెం లోపలివైపు అరుగుదల చూడాలి. తర్వాత గట్టి దూలానికి వేలాడదీసి, తూచిన బస్తాలను ఒక్కొక్కటిగా తగిలించి సాగుదల రాసుకోవాలి. బస్తా కింద కాళ్లు పెట్టరాదు. చుట్టలు ఆనుకుని ఉన్న స్ప్రింగు కొంత బరువు పడేవరకు అసలు సాగదు. అందువల్ల గ్రాఫులో గీత మూలబిందువు గుండా పోదు. చుట్టలు విడివడ్డాక వచ్చే గీత వాలునే చూడాలి. కొత్త స్ప్రింగు గీతతో పోల్చితే తేడా తెలుస్తుంది. ఇది మనం ప్రయోగశాలలో చేసిందే కదా!

ఏది సరైన మరమ్మతు?

స్ప్రింగు కొద్దిగా సాగితే, దాని చివరనున్న బోల్టును బిగించి సర్దవచ్చు. బోల్టు మర చివరిదాకా వచ్చినా పట్టీ లేవకపోతే స్ప్రింగు మార్చాల్సిందే. చాలాసార్లు అరిగేది స్ప్రింగు కాదు, కొక్కెం తగిలే పిన్ను. పిన్ను మారిస్తే ఖర్చు తక్కువతో పని జరుగుతుంది. జంటలో ఒకటి విరిగితే రెండూ మార్చడం మంచిది. లేకుంటే పట్టీ ఒకవైపు బరువుగా, ఒకవైపు తేలికగా నడుస్తుంది. కోత కాలం ముగిశాక మట్టి కడిగి, ఆరబెట్టి, గ్రీజు పూస్తే తుప్పు దగ్గరకు రాదు.

ఇక షెడ్లలో తరచూ చేసే మూడు పనులు మంచివి కావు. మొదటిది, గ్యాస్ మంటతో కాల్చి వంచడం. స్ప్రింగు ఉక్కును తయారీలో ఎర్రగా కాల్చి, నూనెలో చల్లార్చి, మళ్లీ తగుమాత్రం వేడిచేసి బిగువు తెస్తారు. మంటతో కాలిస్తే ఆ బిగువు పోతుంది, కొద్దిరోజుల్లోనే మళ్లీ సాగిపోతుంది. రెండోది, విరిగిన చోట వెల్డింగ్ చేయడం. అతుకు పక్కన ఉక్కు పెళుసుబారి, అక్కడే మళ్లీ విరుగుతుంది. మూడోది, సాగిన చుట్టలను కోసివేయడం. 20 చుట్టల్లో 4 తీసేస్తే స్థిరాంకం 25 శాతం పెరుగుతుంది. అంతే దూరం లాగినప్పుడు మిగిలిన తీగమీద ఒత్తిడి కూడా అంతే పెరిగి త్వరగా తెగుతుంది.

ప్రాణం ముందు, పని తర్వాత

లాగిపెట్టిన స్ప్రింగులో ఎంత శక్తి దాగి ఉంటుందో లెక్క వేద్దాం. ఒక మిల్లీమీటరు సాగడానికి 10 న్యూటన్లు కావలసిన స్ప్రింగును 100 మి.మీ. లాగితే బలం 1000 న్యూటన్లు, అంటే సుమారు 100 కిలోల బరువు. దానిలోని స్థితిజశక్తి 50 జౌళ్లు. కిలో బరువున్న సుత్తి 5 మీటర్ల ఎత్తునుంచి పడితే వచ్చే శక్తి ఇది! కొక్కెం జారితే అదంతా ఒక్క క్షణంలో కంటికో, ముఖానికో తగులుతుంది.

అందుచేత ముందు ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకోవాలి. పీటీఓ షాఫ్టు విప్పాలి. స్ప్రింగు తీస్తే పట్టీ బరువును మోసేది ఏదీ ఉండదు కనుక, పట్టీని నేలమీదకు దించాలి లేదా గట్టి దిమ్మెలమీద ఆనించాలి. బోల్టును వదులు చేసి, స్ప్రింగులో లాగుడు పూర్తిగా పోయాకే కొక్కెం తీయాలి. స్క్రూడ్రైవరుతో ఎత్తి తీయరాదు. స్ప్రింగు లాగే దిశకు ఎదురుగా నిలబడరాదు. కళ్లద్దాలు తప్పనిసరి.

ఏ స్థితిలో స్ప్రింగు వదులుగా ఉంటుందో యంత్రంతోపాటు ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం చాలావరకు ఇంగ్లీషులోనో, హిందీలోనో ఉండి, ట్రాక్టరు సీటు కింద మడతపడి ఉంటుంది. మన ఇళ్లలో దాన్ని చదవగలిగిన మొదటి తరం మనమే. మా ఇంట్లో డిగ్రీ దాటినవాళ్లం మేమే మొదలు. చదువు వచ్చిందని చేతిపనికి దూరం కావడం గొప్ప కాదు. అనుభవం మన నాన్నలకు ఉంది, సూత్రం మనకు వచ్చు. ఆ రెండూ కలిస్తే యంత్రమూ బాగుంటుంది, దాని పక్కన నిలబడిన మనిషీ క్షేమంగా ఉంటాడు.

ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఆ పుస్తకం బయటకు తీయండి. జాగ్రత్తల పేజీ ఒక్కటి తెలుగులో రాసి షెడ్డు గోడకు అంటించండి. మన హాస్టలు చదువు ఊరికి చేసే మేలు అక్కడినుంచే మొదలవుతుంది.